టేపు గదిలో ఫ్రెంచి బడి

మెస్సు తలుపు మీద అంటించిన ఆ కాగితం ముందు నుంచి నేను నాలుగు వారాలు, రోజుకు మూడు పూటలా, పళ్లెం పట్టుకుని లోపలికి వెళ్లాను, బయటికి వచ్చాను. నాకు కావలసింది ఆ కాగితంలోనే ఉంది. ఒక్కడూ చెప్పలేదు. ఇన్నేళ్లు గడిచినా ఆ సంగతి తలచుకుంటే ఒళ్లు మండుతుంది. చదువు వచ్చినవాడు చదువు రానివాడికి చేసే అన్యాయాల్లో ఇదొకటి. కొట్టడు, తిట్టడు. ఊరికే చెప్పడు.

కువైట్ యుద్ధం ఆగిన కొద్ది నెలలకే నేను సౌదీలో దిగాను. రాస్ తనూరాకు పోయే తీరం మీద, సముద్రపు నీళ్లను మంచినీళ్లుగా మార్చే ప్లాంటు ఒకటుంది. మా క్యాంపు దాని గోడ వెనకాలే. సముద్రంలో ఇంకా నూనె తెట్టు తేలుతూనే ఉండేది. ఒడ్డుకు పోతే చెప్పులకు తారు అంటుకునేది. మిషన్లన్నీ ఫ్రాన్సు నుంచి వచ్చినవి, ఇంజనీర్లూ ఫ్రాన్సువాళ్లే. మమ్మల్ని మాత్రం ఒక లేబర్ కంపెనీ తెచ్చి వాళ్లకు అప్పజెప్పింది. నన్ను స్పేర్ పార్టుల స్టోరులో పెట్టారు.

నేను బడికి పోయినవాణ్ణి కాను. జగిత్యాల దిక్కున ఒక పల్లెలో మా నాయన సుంకరి. అంటే ఊళ్లో కబుర్లు, కాగితాలు మోసే పని. పటేలు ఇచ్చిన కాగితం తీసుకుని తాలూకా ఆఫీసుకు నడిచిపోయేవాడు, అక్కడివాళ్లు ఇచ్చింది తెచ్చి పటేలుకు ఇచ్చేవాడు. బతికినన్నాళ్లూ కాగితాలు మోశాడు, ఒక్కటీ చదవలేదు. నేను మాత్రం కిరాణా దుకాణంలో బెల్లం కట్టి ఇచ్చే పాత పేపరు ముక్కలు ఏరుకుని, వాళ్లనూ వీళ్లనూ అడిగి, తెలుగు నేర్చుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు బస్సుల మీద, మందు గోలీల అట్టల మీద పట్టుకున్నాను. ఏజెంటు 'చదువు వచ్చునా?' అని అడిగితే వచ్చునన్నాను. అబద్ధం కాదు. ఏ భాషని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

స్టోరులో అంతా ఫ్రెంచి. ఇంజనీర్లు పంపే చీటీలు ఫ్రెంచి, పెట్టెల మీది రాతలు ఫ్రెంచి. మొదటి నెల నేను దాన్ని చదవలేదు, బొమ్మలాగా గుర్తుపెట్టుకున్నాను. చీటీ మీది రాత ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారం ఉన్న పెట్టె తెచ్చి ఇచ్చేవాణ్ణి. అచ్చు అక్షరాలు ఉన్నంత కాలం బండి నడిచింది. తర్వాత యుద్ధం వల్ల ఎక్కడో ఆగిపోయిన సరుకు ఒక్కసారిగా దిగింది. వాటి మీద చేతిరాతలు. అదే మాట, ఇంకో ఆకారం. ఒకే రోజు మూడుసార్లు ఒకటి అడిగితే ఇంకొకటి ఇచ్చాను. గ్యాస్కెట్లు అడిగితే వాల్వు చక్రాలు మోసుకొచ్చాను.

ఫ్రెంచి పెద్ద ఇంజనీరు ఏమీ అరవలేదు. మా లేబర్ కంపెనీ ఫోర్మన్‌తో నెమ్మదిగా ఏదో చెప్పి వెళ్లిపోయాడు. ఫోర్మన్ నా వైపు తిరిగాడు.

"రెండు నెలల్ల షట్‌డౌన్ ఉన్నది. ప్లాంటు మొత్తం బందు పెట్టి ఇప్పుతరు. అప్పుడు గిట్ల చేసినవనుకో, ఖలాస్. ఎగ్జిట్."

ఎగ్జిట్ అంటే పాస్‌పోర్టు మీద ముద్ర వేసి ఇంటికి పంపడం. అక్కడ ఉండి పనిచేసుకోవడానికి ఇచ్చే అకామా కార్డు కూడా నాకు ఇంకా రాలేదు. దిగీ దిగకముందే, చదువు రాదని వెనక్కి పంపబడటం! మా ఊళ్లో నన్ను 'చదువుకున్నోడు' అనేవాళ్లు. ఆ మాట ఒక్కటే నాకున్న ఆస్తి. అది పోతుందనే నా భయం.

ఆఫీసులో టైపు చేసే ఆయన ఒకడు మన తెలుగువాడే, గోదావరి దిక్కువాడు. పొద్దున్నే వెళ్లి ఆయన ముందు నిలబడ్డాను.

"సార్, గీడ ఫ్రెంచి ఎవరన్నా నేర్పుతరా?"

ఆయన టైపు ఆపకుండానే నవ్వాడు. "ఫ్రెంచా? ముందు ఇంగ్లీషు సరిగ్గా రానివ్వవయ్యా బాబూ. ఏం, ప్యారిస్ గానీ పోతున్నావేంటి?"

"ప్యారిస్ ఎందుకు సార్. స్టోర్ల ఉంటె సాలు."

"దానికి ఇన్‌స్టిట్యూట్లుంటాయి, అడ్మిషన్లుంటాయి, మన వల్ల అయ్యేది కాదులే. వెళ్లు వెళ్లు, మేనేజరు వచ్చే టైమైంది."

ఆ కాగితం టైపు చేసింది ఆయనే. తన చేతులతో. ఇది నాకు తర్వాత తెలిసింది.

క్యాంపు బస్సు నడిపే డ్రైవరు ఒకాయన ఉండేవాడు. హైదరాబాదు పాతబస్తీ మనిషి, అప్పటికే అక్కడ పన్నెండేళ్లుగా ఉంటున్నాడు. నేను ఆయన్ను భాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. నా గోడు విని ఆయన నవ్వలేదు. "బతాలో దొరకంది లేదు తమ్మీ. వచ్చే జుమ్మాకు రియాద్ బస్సున్నది. నడు, పూచ్ లేంగే" అన్నాడు.

బతా రియాద్‌లో పెద్ద బజారు, శుక్రవారం అక్కడ మన జాతరే. భుజానికి భుజం తగలకుండా నడవలేం. ఒక పుస్తకాల దుకాణంలో అడిగితే అరబ్బీ నేర్పే పుస్తకం చూపించాడు. ఇంకొకడు ఇంగ్లీషు క్యాసెట్లు తీశాడు. టైపు నేర్పే ఒక మేడగది మెట్లు ఎక్కితే అక్కడి మలబారు మాస్టరు "ఫ్రెంచి ఎవడికి కావాలి?" అని మమ్మల్నే అడిగాడు. చివరికి ఒక ముసలి గడియారాల వ్యాపారి తీరిగ్గా ఆలోచించి, జిద్దాలో బలద్ బజారుకు పోతే ఓడల మీద వచ్చే అన్ని జాతులవాళ్లూ ఉంటారు, అక్కడ అడగమన్నాడు. జిద్దా దేశానికి ఆ చివర! భాయ్ ఆయనకు సలాం చెప్పి నా రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. "ఇంకొకన్ని అడిగితే ప్యారిస్‌కే పొమ్మంటడు, నడు."

మర్నాడు మధ్యాహ్నం, సానుభూతి కొద్దీ కాబోలు, భాయ్ నాతో పాటు మా మెస్సుకు అన్నానికి వచ్చాడు. డ్రైవర్ల మెస్సు వేరు. మా మెస్సు తలుపు ఆయన అంతకు ముందు చూడలేదు. వరుసలో నిలబడి, ఏమీ తోచక, తలుపు మీది కాగితాలు చదువుతున్నాడు. ఉర్దూ వచ్చినవాడు కాబట్టి అరబ్బీ రాత ఆయనకు కష్టం కాదు. ఉన్నట్టుండి పళ్లెంతో నా వీపు మీద ఒక్కటేశాడు.

"అరె యే క్యా హై? ఫ్రెంచి తాలీమ్, ముఫ్త్, పైస లేకుంట! జుమ్మా నాడు, నమాజు తర్వాత, టేపు గదిల. తమ్మీ, రియాద్ దాక తిరిగొస్తిమి గదరా! సదువు నీ కంచం కాడ్నే ఉన్నది!"

వరుసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది, వెంటనే కోపం వచ్చింది. కాగితం మీద పైన ఫ్రెంచి, కింద అరబ్బీ, నడుమ ఇంగ్లీషు. ఇంగ్లీషు అక్షరాలు నాకు తెలుసు. కూడబలుక్కుంటే కనీసం 'ఫ్రెంచి' అన్న మాట దొరికేది. బెల్లం కాగితాలు కూడా వదలకుండా చదివినవాణ్ణి, దాన్ని ఎందుకు చదవలేదు? ఆ తలుపు మీద అంటించేవన్నీ అన్నం పారెయ్యొద్దు, ఉమ్మి వెయ్యొద్దు, ఆలస్యమైతే జీతం కట్ అనేవే. అటు చూడటమే మానేశాను. ఆఫీసు నోటీసులన్నీ టైపు చేసే ఆ టైపిస్టును తిట్టుకున్నన్ని తిట్లూ అయ్యాక, ఒకటి నన్ను నేనూ తిట్టుకున్నాను.

టేపు గదికి ఆ పేరు యుద్ధంలో వచ్చింది. విషవాయువు వస్తుందేమోనని క్యాంపులో ఒక గదికి కిటికీ సందులన్నీ ప్లాస్టిక్కుతో మూసి, అద్దాలు పగలకుండా అడ్డంగా నిలువుగా టేపు అంటించారు. యుద్ధం పోయింది, టేపు పోలేదు. అక్కడ రెండు బెంచీలు, ఒక బల్ల, ఒక కుర్చీ, పెట్టె మూతకు నల్లరంగు పూసి చేసిన బోర్డు. సుద్దముక్క కూడా వెల్డర్లు ఇనుము మీద గీతలు గీసేదే.

పాఠం చెప్పేది ట్యునీసియా దేశపు పంపు మెకానిక్కు. యాభై దాటిన మనిషి, నెరిసిన మీసం, గోళ్లలో గ్రీజు. ఇంజనీర్లకూ పనివాళ్లకూ నడుమ రోజూ మాటలు మోసి మోసి విసిగి, మీరే నేర్చుకోండిరా అని బడి పెట్టాడట. ఒక పాకిస్తానీ ఎలక్ట్రీషియన్, ఇద్దరు ఫిలిప్పీను వెల్డర్లు అప్పటికే కూర్చుని ఉన్నారు. నేను వెళ్లి నేల మీద కూర్చున్నాను. ఆయన పాఠం ఆపి బెంచీ చూపించాడు. పర్వాలేదన్నట్టు చెయ్యి ఊపాను. నేను లేచి బెంచీ మీద కూర్చునేదాకా ఆయన మాట్లాడలేదు. ముప్పై నాలుగేళ్ల వయసులో, అది నా మొదటి బడి, మొదటి బెంచీ.

ఆయన పద్ధతి నాకు ఇప్పటికీ ముద్దు. జేబులోంచి ఒక బోల్టు తీసి ముందు మా చేతిలో పెట్టేవాడు. అది చేతిలో తిరిగాక దాని పేరు నోటితో అనిపించేవాడు. బోర్డు మీద రాయడం ఆఖరున. బోల్టు 'బులోఁ', గ్యాస్కెట్ 'జ్వాఁ'. మాటలన్నీ నేను సరుకు లెక్క కోసం పెట్టెలకు తగిలించే పాత బిన్ కార్డుల వెనక తెలుగులో రాసుకునేవాణ్ణి. ముక్కుతో పలికే ఆ చివరి ధ్వనికి ఏం రాయాలో రెండు రోజులు తోచలేదు. తర్వాత పాత పేపరు ముక్కల్లో చూసిన అరసున్న గుర్తుకొచ్చింది. ఇది ఎందుకుంది, ఎవరికి పనికొస్తుంది అనుకునేవాణ్ణి చిన్నప్పుడు. సముద్రం దాటి వచ్చాక నాకు పనికొచ్చింది.

నాలుగో శుక్రవారం ఆయన ఇంజనీరు రాసిన అసలు చీటీ ఒకటి నా ముందు పెట్టాడు. పదకొండు వస్తువులు. ఒక్కొక్కటే చదివాను, బల్ల మీది రాశిలోంచి ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాను. పదకొండూ సరిపోయాయి. ఫిలిప్పీనువాళ్లు చప్పట్లు కొట్టారు. ఆయన మీసం కింద నవ్వు కనిపించింది.

అప్పుడు నేను చేసిన పని మన దగ్గర ఎవరైనా చేసేదే. లేచి వెళ్లి, వంగి, ఆయన రెండు బూట్లూ ముట్టుకుని కళ్లకు అద్దుకున్నాను.

ఆయన నిప్పు తొక్కినట్టు వెనక్కి దూకాడు. కుర్చీ పడిపోయింది. అరబ్బీలో ఏదో గట్టిగా అరిచాడు. పాకిస్తానీ మిత్రుడు "తౌబా, తౌబా" అని చెవులు పట్టుకున్నాడు. మాస్టరు ముఖం ఎర్రబడింది. సుద్దముక్క బల్ల మీద పడేసి వెళ్లిపోయాడు.

తర్వాతి శుక్రవారం టేపు గదికి తాళం.

విషయం విని భాయ్ తల కొట్టుకున్నాడు. "పాగల్! ఈ దేశంల మనిషి ముంగట వంగుతరా? వంగేది అల్లా ముంగట్నే. ఎవడన్న చూస్తె ఆయన నౌకరీ పోతది, నీది పోతది, మధ్యల నాది పోతది."

"మా తాన గురువుకు గట్లనే మొక్కుతం భాయ్."

"మీ తాన! ఇది మీ తానా?"

షట్‌డౌన్‌కు మూడు వారాలే ఉంది. పదకొండు వస్తువులు చదవడం వేరు, వందల పెట్టెల స్టోరు వేరు. ఆయన బడి మానేస్తే నా పని అయిపోయినట్టే. దానికంటే, నాకు అక్షరం పెట్టిన మనిషిని అవమానించానన్న బాధ తినేస్తోంది. మర్నాడు పనయ్యాక భాయ్‌ని బతిమాలి ఆయన గదికి తీసుకెళ్లాను. నా మాట భాయ్ అరబ్బీలో చెప్పాలి, ఆయన మాట నాకు మన భాషలో చెప్పాలి.

ఆయన మంచం మీద కూర్చుని టీ కాచుకుంటున్నాడు. కూర్చోమనలేదు. నేను తల వంచకుండా, చేతులు జోడించకుండా, భాయ్ దారిలో నేర్పినట్టు కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని నిలబడ్డాను. తెలియక చేశాను, మీ మతానికి తప్పని తెలియదు అని చెప్పించాను.

ఆయన చాలాసేపు మాట్లాడాడు. మాట్లాడుతూ ఒకసారి తన బూట్ల వైపు చూపించాడు. భాయ్ ముఖంలో హడావిడి తగ్గింది. నా వైపు తిరిగి మెల్లగా చెప్పాడు.

"మతం ఒక్కటే కాదంటున్నడు తమ్మీ. ఈయన అబ్బాజాన్ ఫ్రెంచోళ్ల తోటల కాపలా ఉండెనంట. సాహెబు గుర్రం దిగంగనే ముసలాయన వంగి బూట్ల తాళ్లు విప్పాలె. రోజూ. పిల్లగాడప్పుడు ఈయన చూసిండు. నా ముంగట ఎవడూ వంగొద్దు, నేను ఎవని ముంగట వంగ అని అప్పుడే అనుకున్నడంట. నువ్వు బూట్లు ముట్టంగనే బాపు యాదికొచ్చిండు."

నేను భాయ్ వైపు తిరిగాను. "భాయ్, నువ్వు ఉన్నదున్నట్టు చెప్పు. మా నాయన దొర గడీ ముంగట చెప్పులు చేతుల పట్టుకొని నడిచేటోడు. కాగితం ఇచ్చేటప్పుడు నేలకు వంగి ఇచ్చేటోడు. నేను ఆ గడీ ముంగట ఒక్కనాడు వంగలె. అందుకే ఊళ్లె పని దొరకలె. నేను నా ఇష్టంతోటి వంగింది ఈయనకే. ఎవ్వలు వంగుమన్లె."

భాయ్ చెప్పడం అయిపోయాక మాస్టరు టీ కింద మంట తగ్గించాడు. ఆయన ఏదో అడిగాడు.

"మీ నాయనకు ఆ కాగితాలు చదువొస్తుండెనా, అని అడుగుతున్నడు."

"లేదు."

ఆయన మూడు గ్లాసుల్లో టీ పోశాడు. తాగాక మేకుకు తగిలించిన టేపు గది తాళంచెవి తీశాడు. భాయ్ నవ్వుతూ నా భుజం తట్టాడు. "నడు. ఇయ్యాల జుమ్మా కాదు, అయినా రమ్మంటున్నడు. ఒకటే షర్తు. తప్పు చదివితే తిట్లు తినాలె, ఒప్పు చదివితే బెంచీ మీద కూసోవాలె. కాళ్ల జోలికి పోవద్దు."

ఆ మూడు వారాలు రోజూ పనయ్యాక గంటసేపు ఆయన నాకు పాఠం చెప్పాడు. మొదట టేపు గదిలో, తర్వాత స్టోరులోనే, ర్యాకుల నడుమ నడుస్తూ. పైసా తీసుకోలేదు. నేను తెచ్చిన ఖర్జూరాలు కూడా నలుగురికీ పంచేసేవాడు. తిట్లు మాత్రం బాకీ ఉంచలేదు.

షట్‌డౌన్ వచ్చింది. ప్లాంటు ఊపిరి ఆగిపోయినట్టుంది, మనుషుల అరుపులు మాత్రం పెరిగాయి. కౌంటరు ముందు వరుసలు. రెండో రోజు మధ్యాహ్నం ఫోర్మన్ ఒక చీటీ పట్టుకుని పరుగున వచ్చాడు. పెద్ద పంపు ఇరుసుకు బిగించే నట్టు కావాలి. నేను చీటీ చదివేలోపలే ఆయన చెయ్యి చాపి బల్ల మీది పెట్టెలోంచి ఒక నట్టు అందుకుని వెళ్లిపోయాడు. చూడటానికి అదే. చీటీలో చివర ఇంకో మాట ఉంది. 'గోష్'. ఎడమ. ఆ నట్టుకు మర ఎడమ వైపు తిరిగి ఉండాలి. ఫోర్మన్ పట్టుకుపోయింది మామూలుది. బలవంతంగా బిగిస్తే ఇరుసు మీది మరే పాడవుతుంది.

సరైన నట్టూ, ఆ చీటీ పట్టుకుని వెనకే పరుగెత్తాను. పంపు దగ్గర పెద్ద ఇంజనీరు ఉన్నాడు, మా మాస్టరు పానా పట్టుకుని కూర్చున్నాడు. ఫోర్మన్ నన్ను చూసి "స్టోరు ఇడిసిపెట్టి ఎందుకొచ్చినవ్? పో, పో!" అని అరుస్తున్నాడు. నేను ఇంజనీరు ముందు చీటీ పెట్టి, ఆ చివరి మాట మీద వేలు పెట్టి, చదివాను. నట్టు అందించాను. మాస్టరు నన్ను కాపాడటానికి ఒక్క మాట కూడా అనలేదు. పానా పక్కన పెట్టి, ఇంజనీరు ఏమంటాడా అని చూస్తూ కూర్చున్నాడు.

ఇంజనీరు నట్టు లోపలి మర మీద గోరు తిప్పి చూశాడు. "ఇల్ ఆ రెజోఁ" అన్నాడు.

అతను చెప్పింది నిజం అని. ఎవరూ నాకు చెప్పలేదు. నాకే అర్థమైంది.

పది రోజుల తర్వాత నా చేతికి అకామా వచ్చింది. ఎగ్జిట్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆ స్టోరులోనే ఇంకా చాలా ఏళ్లు పనిచేశాను.

మాస్టరు మరో రెండేళ్లకు తన దేశం వెళ్లిపోయాడు. బస్సు దగ్గర నేను కుడిచెయ్యి గుండె మీద పెట్టుకున్నాను. ఆయన నా రెండు భుజాలూ పట్టుకుని ఇటు చెంపా అటు చెంపా ఆనించి, టేపు గది తాళంచెవి నా చేతిలో పెట్టాడు. ఆ చెవి ఎందుకిచ్చాడో తెలిసి కూడా కొన్ని నెలలు నేను ఆ గది తలుపు తియ్యలేదు. నాకు వచ్చింది స్టోరు ఫ్రెంచి. దానితో ఎవరికి ఏం చెప్పగలను?

అప్పుడు ఆయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. టపా పంచేది ఆ గోదావరి టైపిస్టే. కవరు అటూ ఇటూ తిప్పి చూసి ఇవ్వలేక ఇచ్చాడు.

"ఇదేంటయ్యా, ఫ్రెంచిలో ఉంది? ఏం రాశాడేంటి?"

చెప్పకుండా పోవచ్చు. ఆయన నాకు చెప్పలేదు కదా. ఆ మాట నోటిదాకా వచ్చింది. కాని కవరు చించాక, పక్కన మనిషిని పెట్టుకుని నాలో నేను చదువుకోవడం నా వల్ల కాలేదు. అక్కడే నిలబడి పైకి చదివాను. రాని మాటలు వదిలేసి, వచ్చినవి తెలుగులో చెప్పాను. ఇల్లు బాగుందట. ఆలివ్ చెట్లకు కాపు వచ్చిందట. చివరి వాక్యం, 'బడి నడుస్తోందా?' అని.

టైపిస్టు కాసేపు తన వేళ్ల వైపు చూసుకున్నాడు. "అప్పుడు ఆ నోటీసు నేనే టైపు చేశానండీ. మీకు చెప్పి ఉండాల్సింది" అన్నాడు. అండీ అనడం అదే మొదటిసారి.

"గిప్పుడు ఇంకోటి చేయి సార్" అన్నాను. "మల్ల జుమ్మా నుంచి, టేపు గదిల, ముఫ్త్."

"చేస్తాను. నేనూ రావచ్చా?"

"రా సార్. కని ఒక షర్తు. నోటీసు తలుపుకు అంటిస్తె సరిపోదు. చదువు రానోళ్లు కూడ అన్నం తింటరు గద ఆడ. అందరు తినేటప్పుడు నిలబడి చదివి వినిపియ్యాలె."

మర్నాడు మధ్యాహ్నం ఆయన మెస్సు నడుమ నిలబడి, గొంతు సవరించుకుని, ముందు తెలుగులో, తర్వాత హిందీలో ఆ కాగితం చదివాడు. వెనక బల్లల దగ్గర వినపడలేదంటే అక్కడికి వెళ్లి మళ్లీ చదివాడు. శుక్రవారం టేపు గదిలో ముందు బెంచీ మీద ఆయనే కూర్చున్నాడు. నేను జేబులోంచి బోల్టు తీసి, ముందు ఆయన చేతిలో పెట్టాను.